నెమ్మది పాటలో బోమాంట్

క్రాండల్ గారు హ్యూస్టన్‌లో ఐసు పెట్టెలు అమ్మే దుకాణం వెనకగదిలో రికార్డులు తీసేవారు. చుట్టుపట్ల ఊళ్ళలో నాణెం వేస్తే పాట వినిపించే జూక్‌బాక్సులు నడిపేదీ ఆయనే. సంగీతం గురించి ఆయనకు ఒక్కటే తెలుసు: మనిషికి అన్నిటికంటే తియ్యగా వినిపించేది తన ఊరి పేరు.

అందుకని మా ఆయన ఏంబ్రోస్ పియానో వాయిస్తూ నడిపే బ్యాండు చేత ఒకే హుషారు పాట వాయింపించి, ఊరూరికీ ఆ ఊరి పేరుతో అమ్మేవారు. పాట మధ్యలో వాయిద్యాలన్నీ ఠక్కున ఆగుతాయి. అందరూ ఊరి పేరు అరుస్తారు. మళ్ళీ మొదలు. గాల్వెస్టన్ వాళ్ళు తమ పాటలో సముద్రం వినిపిస్తోందన్నారు. బోమాంట్ వాళ్ళు అది తమ పాటకు నకలని తిట్టారు. నేను అక్షరాలు కూడబలుక్కున్నది ఆ రికార్డుల మీది ఊళ్ళ పేర్లతోనే. నా చదువంతా ఒకే పాట.

బ్యాండులో ట్రంపెట్ నా తమ్ముడు లియాండర్‌ది. వాడికి కాలిఫోర్నియాలో ఓడలు కట్టే పని దొరికింది. అలా రైలెక్కిన మావాళ్ళెవరూ తిరిగి రాలేదు. అమ్మ పోయినప్పుడు వాడు కట్టిన నెమ్మది పాట ఒకటుంది. అది రికార్డుకెక్కితే వాడు కొంతైనా నా దగ్గర మిగులుతాడని నా ఆశ.

"ఏ ఊరి పాట?" అని అడిగారు క్రాండల్ గారు.

"ఏ ఊరిదీ కాదండీ," అన్నాడు ఏంబ్రోస్.

"మరి ఎవరు కొంటారయ్యా?"

"మా ఆవిడ కొంటుంది."

"బోమాంట్ పాట మళ్ళీ కొత్తగా వాయించండి. అది నాకు నచ్చాక రికార్డు గీసే పళ్ళెం ఒకటి మిగిలితే మీ ఏడుపు పాట."

రికార్డింగు లియాండర్ వెళ్ళే రోజు మధ్యాహ్నమే కుదిరింది. వాడి ప్రయాణపు పెట్టె ఒళ్ళో పెట్టుకుని గోడవారన కూర్చున్నాను.

"అక్కా, అది కింద పెట్టు. నాకంటే ముందు పారిపోదులే."

"రైలు తప్పిపోతుందేమోరా."

"పొద్దున వెళ్ళొద్దని ఏడ్చావు. ఇప్పుడు తప్పుతుందని ఏడుస్తున్నావా?"

బోమాంట్ అన్న అరుపులో ఊరిమీద అభిమానం చాలడం లేదని క్రాండల్ గారు మళ్ళీ మళ్ళీ అరిపించారు. బ్యాండులో ఎవరికీ ఆ ఊళ్ళో బంధువులు కూడా లేరు. చివరికి ఒక్క ఖాళీ పళ్ళెం మిగిలింది. సూది గీసిందే గీత, దిద్దడానికి లేదు.

నెమ్మది పాట మొదలైంది. ట్రంపెట్‌లో అమ్మ గది, అమ్మ దగ్గు అన్నీ వచ్చాయి. మధ్యలో పాట ఊపిరి తీసుకోవడానికి కాసేపు ఆగుతుంది. ఆగింది. లియాండర్ ట్రంపెట్ దించి గుండెనిండా అరిచాడు:

"బోమాంట్."

వెనకే బ్యాండంతా అరిచింది. తర్వాత మిగతా పాట చక్కగా ముగించారు.

ఏంబ్రోస్ పియానో మీద తల వాల్చేశాడు. క్రాండల్ గారి ముఖం మాత్రం వెలిగింది. "ఇప్పుడిది అమ్ముడుపోతుంది," అన్నారు.

"పాడుచేశాను కదక్కా," అన్నాడు లియాండర్ పెట్టె అందుకుంటూ. నవ్వాలో ఏడవాలో వాడికీ తెలియలేదు. రైలు తప్పలేదు. వాడు తిరిగి రాలేదు.

బోమాంట్‌లో ఇప్పుడు ఎవరు పోయినా ఆ రికార్డే వేస్తారట. పోయినవాళ్ళకు ఊరే వీడ్కోలు చెబుతున్నట్టుంటుందట.

నా దగ్గరా ఒకటుంది. ట్రంపెట్ ఎంత బాగున్నా అది ట్రంపెట్టే. అరుపులో అందరికంటే ముందు వచ్చే గొంతు మాత్రం వాడిది. సూది అక్కడికి చేరేలోపే కుర్చీ దగ్గరకు జరుపుకుంటాను.