ఐదో బొమ్మ

ఆ పొద్దుటికి అది ఏడో చీర. వంకాయ రంగు, ఆకుపచ్చ అంచు. కంబన్న అంగట్లో పరుపు మీద నిలబడి, చొక్కా ప్యాంటు మీదే దాన్ని నడుముకు చుట్టుకుని, కుచ్చిళ్ళు పోసి బెల్టులోకి దోపి, కొంగు ఎడమ భుజం మీదికి వేసి పిన్నీసు పెట్టేశాడు. పెళ్ళిబట్టలకని వచ్చి ఎదురుగా కూర్చున్న కోయిలకుంట్ల పెద్దమ్మ ఇంకా ఆకుకు సున్నం రాస్తూనే ఉంది.

"ఎనక్కి తిరుగప్పా. ఎనకల ఎట్ల పడతాదో సూడల్ల."

తిరిగాడు.

"ఇప్పుడు నడువు."

నడిచాడు. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు.

"ఆకుపచ్చ రవంత ఎక్కువైనట్లు లేదూ?"

"ఆ మాట ముందే అనొచ్చు కదా పెద్దమ్మా! తిరిగి తిరిగి నాకు కండ్లు తిరుగుతాండాయి."

"దుడ్లు పెట్టి కొనేది మేము. తిరిగేదానికి నీకేం నొప్పప్పా?"

పెళ్ళికూతురితో సహా అందరూ నవ్వారు. వాళ్ళు నవ్వింది ఆ మాటకే గాని, కంబన్నను చూసి కాదు. యాభై ఏడేళ్ళవాడు, నెరిసిన మీసం, చొక్కా గుండీల దగ్గర బిగుసుకున్న పొట్ట, ఆ పైన పట్టుచీర. బజారులో ఎవడైనా అట్లా కనబడితే రాళ్ళేస్తారు. అంగట్లో మాత్రం ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కరూ నవ్వలేదు. అతను చీర కట్టాడంటే చూసేవాళ్ళకు చీరే కనబడుతుంది, మనిషి కనబడడు. అదే అతని పనితనం. కర్నూలు పాత బజారులో బట్టల అంగళ్ళు చాలా ఉన్నాయి, చీర తమ మీద వేసుకుని చూపించే గుమస్తాలూ చాలామందే ఉన్నారు. కానీ కంబన్న కడితే కొనకుండా లేచినవాళ్ళు తక్కువ.

ఇంట్లో పెళ్ళాం గంగక్క నెలకొకసారి అతని చొక్కాలన్నీ ముందేసుకుని కూర్చునేది. కాలరు బాగుంటుంది, చేతులు బాగుంటాయి, ఎడమ భుజం మీద మాత్రం పిన్నీసు గుచ్చిన బొక్కలే. అక్కడ గుడ్డముక్క పెట్టి కుడుతూ, "ఈ ఊర్లో ఆడోళ్ళు కట్టిన చీరలన్నీ మొదుట నువ్వు కట్టి ఇడిసినవే కదయ్యా!" అని ఎగతాళి చేసేది. ఆ పిన్నీసు మాత్రం ఒక్కటే. అంగడి పాత యజమాని పెద్దశెట్టి బతికుండగా, పనిలో చేరిన రోజు తన చేత్తో ఇచ్చిన ఇత్తడి పిన్నీసు.

"కంబన్నా! టైమెంతయిందో చూశారా? ఇంకా ఒక్క బొమ్మ కూడా కాలేదు!"

మేడ మీదినుంచి శ్రీవిద్య కేక. పెద్దశెట్టి కోడలు, ఇప్పటి యజమాని ప్రదీప్‌కుమార్ భార్య. కంబన్న కొంగు పిన్నీసు తీసి చొక్కాకు పెట్టుకుని, పెద్దమ్మను కుర్ర గుమస్తా దావీదురాజుకు అప్పగించి మెట్లెక్కాడు. మోకాళ్ళు పట్టేశాయి. ఒకే సమయానికి కిందా ఉండాలి, పైనా ఉండాలి. మనిషిని రెండుగా చీల్చుకుంటారేమో అడిగి చూడాలి వీళ్ళను!

సంగతేమిటంటే, శ్రీవిద్య ఏడాదికి రెండుసార్లు హైదరాబాదు పోయి పెద్ద హోటల్లో జరిగే ఫ్యాషన్ షోలు చూసి వస్తుంది. ఎండాకాలం షో ఒకటి, చలికాలం షో ఒకటి. పోయినసారిదాకా వచ్చి కబుర్లు చెప్పి ఊరుకునేది. ఈసారి, అంటే రెండువేల ఆరు వేసవిలో, ఒక ఫైలు తెచ్చింది. అందులో ఫోటోలు అతికించి, పైన ఎర్రసిరాతో 'నాకు నచ్చిన ఐదు కలెక్షన్లు' అని రాసుకుంది. ఫైలు వెనకాలే లారీలో ఐదు బొమ్మలు దిగాయి. తెల్లటి ఆడబొమ్మలు, గుండు తలలు, కంబన్న కంటే జానెడు పొడుగు. సాయంత్రం ఐదు గంటలకు డాక్టర్ల భార్యలు, ఆఫీసర్ల భార్యలు మేడ మీదికి వస్తారు. అప్పటికి ఆ ఐదు చీరలూ ఐదు బొమ్మల మీద, ఫోటోలో ఉన్నట్లే ఉండాలి.

పొద్దున దీపం పెట్టగానే ప్రదీప్‌కుమార్ దగ్గరికి పిలిచాడు.

"కంబన్నా, పరుపులు తీసేసి గాజు కౌంటర్లు పెడ్తాండాం. ఇంక మొగోళ్ళు చీరలు కట్టి సూపే పనుండదు. బొమ్మలకు కట్టేదానికి మాత్రం మనిషి కావాల. సాయంత్రానికి ఐదుకు ఐదూ సక్కగా కట్టినావంటే ఆ పని నీదే. కాదంటే హైదరాబాదు నుంచి మనిషిని పిలిపిస్తా."

కంబన్న లోలోపల నవ్వుకున్నాడు. ఇదీ ఒక పరీక్షా! చీర కట్టడమంటే అతనికి ఊపిరి పీల్చినంత పని. యాభై ఏడేళ్ళ వయసులో ఇంకో అంగడి మెట్లెక్కే అవసరం లేకుండా ఇంత సులువుగా గట్టెక్కుతాననుకున్నాడు.

మొదటి బొమ్మ ముందు నిలబడ్డాక గాని అసలు కత తెలియలేదు. చుట్టాడు, కుచ్చిళ్ళు పోశాడు, కొంగు వేశాడు. వెనక్కి జరిగి చూస్తే కొంగు బొమ్మ కుడి భుజం మీద ఉంది. విప్పి మళ్ళీ కట్టాడు. మళ్ళీ కుడి భుజమే. మూడోసారి పళ్ళు బిగించి, ఎడమ ఎడమ అని గొణుక్కుంటూ కట్టాడు. కొంగు ఎడమకు వచ్చింది గాని కుచ్చిళ్ళు ఎదురు దిక్కుకు తిరిగి పడ్డాయి.

"అయ్యో, ఏంటండీ ఇది? మీకు చీర కట్టడం వచ్చని చెప్పారే!" అంది శ్రీవిద్య.

నాలుగోసారి కట్టేసరికి కొంగు మళ్ళీ కుడికే పోయింది. సరుకు కోసం పైకి వచ్చిన దావీదురాజు ఆగి చూశాడు. "ఏమన్నా, కుడి పక్క కొంగేసి మార్వాడీ సేటమ్మను తయారుచేసినావే!"

"నోరు మూసుకోని పోరా!" అని కసిరాడు కంబన్న.

చేతులు చూసుకున్నాడు. వాటికేమీ కాలేదు. అవి ముప్పై ఒక్క ఏళ్ళుగా చేసిందే చేస్తున్నాయి. అవి కట్టింది ఒక్క ఒంటికే, తన ఒంటికే. ఎదురుగా ఇంకొకరిని నిలబెట్టి చీర కట్టింది లేదు. గంగక్కకయినా ఒక్కనాడు కుచ్చిళ్ళు సర్దింది లేదు. ఇన్ని చీరలు కట్టినవాడికి ఎదుటిమనిషికి కట్టడం రాదంటే ఎవరు నమ్ముతారు? ఆ మాట శ్రీవిద్యకు చెప్పుకోవడం కంటే నడిబజారులో చీరతో తిరగడం నయం.

కిందినుంచి పెద్దమ్మ కేక. "యాడికి పాయ ఆ కంబన్న? ఈ పిల్లోడు కడితే నాకు నచ్చలే!"

దిగాడు. ఎనిమిదో చీర కట్టుకున్నాడు, తిరిగాడు, నడిచాడు. అద్దంలో తన చేతులు తన నడుము చుట్టూ తిరుగుతుంటే మొదటిసారిగా వాటినే గమనించాడు. అప్పుడు తట్టింది. చీర విప్పి పెద్దమ్మ ఒళ్ళో పడేసి మళ్ళీ మెట్లెక్కాడు.

బొమ్మ ఎదుట కాదు, వెనకాల నిలబడ్డాడు. రెండు చేతులూ దాని నడుము చుట్టూ ముందుకు పోనిచ్చి, మునివేళ్ళ మీద లేచి దాని భుజం మీద గడ్డం ఆనించి, ఎదుటి అద్దంలో చూస్తూ తనకు తాను కట్టుకున్నట్లే కట్టాడు. చేతులు దారిన పడ్డాయి. కొంగు ఎడమ భుజం మీద వాలింది. చూసేవాళ్ళకు మాత్రం నెరిసిన మీసం ముసలాయన గుండు పిల్లను కౌగిలించుకున్నట్లే ఉంది. శ్రీవిద్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. దావీదురాజు గంగక్కకు చెబుతానని బెదిరించాడు. సిగ్గుతో కంబన్న చెవులు కాలిపోయాయి. అయినా మొదటి బొమ్మ పూర్తయింది.

రెండో ఫోటోలో కొంగును మెడ చుట్టూ రెండు చుట్లు చుట్టారు.

"కర్నూలు ఎండల్లో మెడకు మఫ్లరా అమ్మా? ఊపిరాడక సచ్చిపోరా!"

"అది స్టైలు కంబన్నా. మీరు కట్టండి."

కట్టాడు. మూడో ఫోటో తీశాడు. అమ్మాయి ప్యాంటు వేసుకుని, దాని మీద చీర కట్టి, నడుముకు బెల్టు పెట్టింది.

"ఈ సీజన్లో అందరూ మెచ్చుకున్నది ఇదే," అంది శ్రీవిద్య. "ప్యాంటు మీద చీర! ఎంత కొత్త ఐడియానో చూడండి."

కంబన్న తన ప్యాంటు చూసుకున్నాడు, బెల్టు చూసుకున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా రోజుకు ముప్పైసార్లు తాను చేస్తున్నదేమిటి మరి? ఒక్క నా కొడుకూ వచ్చి ఫోటో తీయలేదే! ఆ ఉడుకంతా పిన్నీసుల మీద చూపించాడు. అంత గట్టిగా గుచ్చాడు.

నాలుగోది కడుతుండగా కరెంటు పోయింది. చెమట చుక్క పట్టు మీద పడితే మరక. బొటనవేలితో నుదురు తుడుచుకుంటూ, తుడిచిన వేలు మళ్ళీ ప్యాంటుకు తుడుచుకుంటూ కట్టాడు. మధ్యలో ఇంకోసారి కిందికి పరుగు. పదకొండో చీరకు పెద్దమ్మ మనసు కుదిరింది. మూటలు ఎత్తుకుని పోతూ ఆమె ఆగింది.

"చిన్నదాని పెండ్లి గూడా ఈ ఏడే చేస్తాం. నీ కాడికే వస్తాం. ఉంటావు కదప్పా?"

"ఉంటా పెద్దమ్మా. యాడికి పోతా?" అన్నాడు కంబన్న. మళ్ళీ మెట్లెక్కాడు.

నాలుగు దాటింది. ఐదో ఫోటో శ్రీవిద్యకు అన్నిటికంటే ఇష్టమైనది. ఫైలు తిప్పుతూ ఆమె దిగులుగా అంది.

"ఇదే కష్టం. ఫోటోలో ముందువైపే ఉంది. వెనక ఎలా కట్టారో తెలియడం లేదు. రాకపోతే వదిలేయండి, నాలుగు చాలనుకుంటాను."

నాలుగంటే కుదరదు. ఐదుకు ఐదన్నాడు ప్రదీప్‌కుమార్. కంబన్న ఫోటో చేతికి తీసుకున్నాడు. ముతక నూలు చీర, ఎర్రగళ్ళు, మోకాళ్ళ కిందిదాకా ఎత్తి కట్టిన కట్టు. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశాడు.

ఇది గోచీకట్టు. వాళ్ళమ్మ ఓబులమ్మ కట్టుకునేది.

ఓర్వకల్లు రాళ్ళగుట్టల పక్కన చెనిక్కాయ చేలలో కలుపుకు పోయేటప్పుడు ఆమె ముందు, ఆరేళ్ళ కంబన్న వెనక. దారంతా అతనికి కనబడింది అమ్మ ముఖం కాదు, ఆమె వీపు. కాళ్ళ మధ్యనుంచి వెనక్కి తెచ్చి, మూడు మడతలు పెట్టి నడుము దగ్గర దోపిన ఆ గోచి. కాళ్ళు కాలితే దాని కొస పట్టుకుని నడిచేవాడు. ముందువైపు ఎట్లుండేదో అడిగితే చెప్పలేడు గాని, వెనకవైపు కళ్ళు మూసుకుని చెప్పగలడు.

బొమ్మ వెనకాల నిలబడ్డాడు. ఈసారి అద్దం వైపు చూడలేదు. చేతులు వాటికవే పోయాయి. మూడు మడతలు, ఒక దోపు. అమ్మ వెనకాల నిలబడినట్లే ఉంది. అమ్మకు తాను ఒక్క చీరా కొనిపెట్టలేదన్న సంగతి గుర్తుకొచ్చింది. కొంగు భుజం మీద వేసి చూస్తే డబ్బాలో పిన్నీసులు లేవు. నూలుకొంగు బరువు, గుచ్చకపోతే నిలవదు. కింద మనుషులు వస్తున్న అలికిడి. తన చొక్కా భుజం మీది పిన్నీసు తీసి పెట్టేశాడు.

"అచ్చం అదే!" అని చప్పట్లు కొట్టింది శ్రీవిద్య. "ఎక్కడ నేర్చుకున్నారండీ?"

"మాయమ్మ ఇట్లే కట్టుకునేదమ్మా. కలుపుకు పోయేటప్పుడు."

శ్రీవిద్య పకపకా నవ్వింది. "భలేవారే మీరు! ఇది వాళ్ళు రెండేళ్ళు రీసెర్చ్ చేసి తెచ్చిన కలెక్షన్."

కంబన్న ఖాళీ పిన్నీసుల డబ్బాకు మూత పెట్టాడు. చెప్పి ఏం లాభం?

వచ్చినవాళ్ళు చల్లటి పానకాలు తాగారు, బొమ్మల చుట్టూ తిరిగారు. అందరూ చేరింది ఐదోదాని దగ్గరే. ఒక డాక్టరుగారి భార్య కొంగు పట్టి లాగి కూడా చూసింది. ఇసుమంతైనా కదలలేదు. మెట్ల దగ్గర నిలబడి చూస్తున్న కంబన్నకు పొద్దుటినుంచి పడ్డ చిరాకంతా దిగిపోయింది. ఐదుకు ఐదు. గట్టెక్కాడు.

అందరూ పోయాక ప్రదీప్‌కుమార్ భుజం తట్టాడు.

"శానా బాగా కట్టినావు కంబన్నా. ఏం బిగువప్పా అది! గాలికి గూడా కదలవు."

"మరి రేపటినుంచి నేను పైనేనా శెట్టీ?"

"రేపు ఏం పని ఉంటాది? ఇవి ఇట్లే ఉండనీ. చలికాలం షో అయినాంక మార్చుదాం. ఆరు నెల్లు. సీజన్ రాగానే ఫోన్ చేయిస్తా, వద్దువులే."

"అంతవరకు?"

"పరుపులు రేపే ఎత్తేస్తాండాం కదా," అన్నాడు ప్రదీప్‌కుమార్, అదే సమాధానమన్నట్లు. అతని గొంతులో కోపం లేదు, చెడ్డతనం లేదు. లోపలికి పోయాడు.

కంబన్న బొమ్మల వైపు చూశాడు. రవంత వదులుగా కట్టి ఉంటే సరిపోయేది. రోజూ జారేవి, రోజూ పిలిచేవాళ్ళు. ఆ వదులుగా కట్టడమే తన చేతులకు రాలేదు. తన కడుపు తానే కొట్టుకున్నాడు, అదీ చెమటోడ్చి!

కిందికి దిగి, పరుపు మీద పడున్న వంకాయ రంగు చీరను మడత పెట్టి అరలో పెట్టాడు. టిఫిన్ డబ్బా తీసుకున్నాడు.

"పోతాండావా అన్నా? రేపు తొందరగా రా, ఎమ్మిగనూరు పెండ్లోళ్ళు వస్తారంట," అన్నాడు పరుపుల సంగతి ఇంకా తెలియని దావీదురాజు.

"నువ్వు కట్టి సూపీరా. ఎనక్కి తిరిగేటప్పుడు కుచ్చిళ్ళు తొక్కొద్దు," అని చెప్పులేసుకున్నాడు కంబన్న.

కొండారెడ్డి బురుజు దాకా నడిచాక అలవాటుగా చెయ్యి ఎడమ భుజం మీదికి పోయింది. గంగక్క కుట్టిన గుడ్డముక్క తగిలింది, పిన్నీసు లేదు. వెనక్కి తిరిగి, వేగంగా నడిచి, అంగడి ఎదుట రోడ్డుకు అవతల ఆగాడు. మేడ మీద గాజు తలుపు వెనక లైట్లు వెలుగుతున్నాయి. పోయి తీసుకోవచ్చు, ఎవరూ కాదనరు. తీస్తే కొంగు జారిపోతుంది. జారితే రేపు ఎవరో ఒకరు ఎట్లాగో ఒకట్లా కడతారు, ఆ గోచిని కూడా పాడుచేస్తారు.

అట్లాంటి పని తాను చూడలేననుకున్నాడు కంబన్న. ఇంటిదారి పట్టాడు.

మేడ మీద, ఐదో బొమ్మ ఎడమ భుజాన, ఎర్రగళ్ళ కొంగును కరిచిపట్టుకుని, ముప్పై ఒక్క ఏళ్ళ చెమటకు నల్లబడిన ఇత్తడి పిన్నీసు.