రాహేలు కట్టిన తాడు

దుప్పట్లు ఉడుకుతున్న గంగాళంలో కర్ర పెట్టి తిప్పుతూ రాహేలు మళ్ళీ దగ్గింది. పొగే, ఇంకేంది అనుకుంది. పచ్చి కంప పొయ్యిలో పెడితే పొగ రాక ఏమొస్తుంది? నిన్న కూడా అలాగే అనుకుంది. ఉడికిన దుప్పటిని కర్రతో పైకెత్తి, నాపరాయి మీద వేసి, మెలితిప్పి నీళ్ళు పిండింది. బక్క మనిషి. జుట్టు సగం నెరిసింది. చేతులు మాత్రం బావిలో చేదతో నీళ్ళు తోడే మగవాడి చేతుల్లా ఉంటాయి.

గురజాల దగ్గరి మిషను బోర్డింగు బడిలో రాహేలు ఆయా. బడికి కాస్త ఎడంగా, నాపరాళ్ళు నిలబెట్టి పైన గడ్డి కప్పిన జ్వరాల పాక ఆమె రాజ్యం. పాక చుట్టూ రాటలకు తాడు కట్టి ఉంటుంది. లోపల జబ్బుపిల్లలు, రాహేలు. బయట లోకమంతా. అన్నమైనా మందైనా తాడు అవతల రాయి మీద పెట్టి పోవాల్సిందే. కన్నతండ్రి వచ్చినా, పాదిరిగారు వచ్చినా ఆ రాయి దగ్గరే ఆగాలి.

ఈ తాడు వల్ల ఆమె పడ్డ తిట్లు అన్నీ ఇన్నీ కావు. జబ్బు మనిషిని పలకరించకపోవడమంటే పల్నాటిలో చిన్న తప్పా! పలకరింపుకు రాని చుట్టాన్ని ఏళ్ళ తరబడి దెప్పుతారు. వచ్చినవాళ్ళు మంచం మీద కూర్చోవాలి, నుదురు తాకి చూడాలి, తెచ్చింది తుంచి నోట్లో పెట్టాలి. మొదటి యుద్ధం చివర్లో పెద్ద జ్వరం వచ్చినప్పుడు రాహేలు కొడుకు దావీదును ఊరంతా అలాగే పలకరించింది. ఎంత ప్రేమగా పలకరించారో పాపం! దావీదు పోయాడు. వాణ్ణి ఒళ్ళో పెట్టుకున్న మేనత్త పోయింది. ఆమెను పలకరించినవాళ్ళు పోయారు. చివరికి భర్త కూడా పోతే, చంటిపిల్ల గ్రేసమ్మను చంకనేసుకుని వచ్చి రాహేలు బోర్డింగులో పనికి చేరింది. చేరిన యేడే, బడి నడిపే దొరసానమ్మ కాళ్ళూ వేళ్ళూ పట్టుకుని ఈ పాక వేయించింది.

అప్పటినుంచి ఏటా వేసవి సెలవులయి బడి తెరవగానే పాకకు సున్నం కొట్టి, కుండలు మార్చి, కొత్త తాడు కట్టేది. ఆ తర్వాత ఉత్తుత్తి జ్వరం. గంట మోగగానే ఒకరు జబ్బు నటిస్తూ తాడు లోపలికి పోవాలి, మిగతావాళ్ళు ఎడం ఎడంగా కూర్చోవాలి, ఎవరి చెంబు వాళ్ళే తాగాలి. పిల్లలకు అదొక పండగ. జబ్బుమనిషికి బెల్లం వేసిన జావ దొరుకుతుంది మరి. పేతురు అనే పిల్లవాడు ప్రతిసారీ జ్వరం నాకే కావాలని కొట్లాటకు దిగేవాడు. "దొంగసచ్చినోడా, పోయినేడు జ్వరం నీదే గదరా," అని రాహేలు చెవి మెలిపెట్టేది. ఆ పేతురే ఇప్పుడు ఆ బోర్డింగుకు వార్డెను.

పంతుళ్ళు నవ్వుకునేవారు. పాక ఊరికే పడి ఉందిగదా, వేరుశనక్కాయల బస్తాలు వేసుకుందామని ఒకాయన అన్నందుకు రాహేలు ఆయనతో ఏడాదిపాటు మాట్లాడలేదు.

రెండో యుద్ధం ముగిసిన మరుసటి యేడు, వానాకాలంలో అలాంటి జ్వరమే మళ్ళీ వచ్చింది. గంట మోగింది. పిల్లలు ఆటలో అలవాటైనట్టే ఎక్కడివాళ్ళక్కడ విడిపోయారు. పాక నిండింది, మెల్లగా ఖాళీ అయింది. ఒక్క బిడ్డ కూడా పోలేదు. ఆఖరి పిల్ల నిన్ననే గంతులేస్తూ గదికి వెళ్ళిపోయింది.

ఇవాళ పేతురు వచ్చి తాడు విప్పుతాడు. ఆ తర్వాతి సంగతి తలుచుకుంటే రాహేలుకు కాళ్ళు నేలమీద నిలవడం లేదు. పెళ్ళయిన చాలా యేళ్ళకు గ్రేసమ్మకు మాచర్లలో ఆడపిల్ల పుట్టింది. తాడు లోపల ఉండిపోయి రాహేలు కూతురి కాన్పుకు కూడా పోలేకపోయింది. ఇవాళ గ్రేసమ్మే బిడ్డను తీసుకుని వస్తోంది. జబ్బుపిల్లలు నిద్రపోయినప్పుడల్లా రాహేలు తన పాత చీరలు పొరలుగా వేసి మనవరాలికి బొంత కుట్టింది. ఒకవైపు ఎర్రదారంతో జొన్నకంకులు కుట్టబోయింది. చూసిన పిల్లలందరూ చేపలు బాగున్నాయన్నారు. సరే, చేపలే అంది.

ఆ బొంతను కూడా గంగాళంలో వేసింది. తాడు లోపలిది ఏదైనా ఉడికి, రెండువైపులా ఎండితే గానీ బయటికి పోకూడదు. మనవరాలిదైతే మాత్రం? బొంతను పిండి తాడు మీద ఆరవేస్తుండగా ఒళ్ళంతా ఝల్లుమంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో చలి! పళ్ళు టకటక కొట్టుకున్నాయి. రాట పట్టుకుని నిలబడింది. దగ్గు పొగది కాదని అప్పుడు ఒప్పుకుంది. భయం కంటే ముందు కోపం వచ్చింది. ఇన్నాళ్ళు ఆగిన మాయదారి జ్వరం ఇవాళే రావాలా!

బడి దారిలో పేతురు కనిపించాడు. వెనకే గ్రేసమ్మ, చేతుల్లో తెల్లగుడ్డలో చుట్టిన బిడ్డ. ఎవరికీ చెప్పకపోతే ఏమవుతుంది? ఒక్కసారి ఎత్తుకుని ఇచ్చేస్తే? రాహేలు చేతులు వాటంతట అవే ముందుకు చాచుకున్నాయి.

"అయిపోయింది రాహేలమ్మా, ఇంక బయటికి రా," అంటూ పేతురు ముడి మీద చెయ్యి వేశాడు.

"ఒరేయ్ పేతురూ, ముడి విప్పమాక!"

వార్డెను అయినప్పటినుంచి ఆమె అతన్ని మాస్టరుగారూ అనడమే గానీ పేరు పెట్టి పిలిచింది లేదు. అతను చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"జ్వరమా?"

"ఉత్తుత్తిది కాదులే."

గ్రేసమ్మ బిడ్డను ముందుకు చాపింది. "అమ్మా, ఒక్కసారి ఎత్తుకో. నీ చేతుల్లో పెడదామనే ఇంత దూరం వచ్చా. ఏమీ కాదు."

"ఏంది కాదు? మీ అన్నను పలకరించినోళ్ళు కూడా ఏమీ కాదనే వచ్చారు. రాయి దగ్గరే ఉండు. మొహం మీద గుడ్డ తియ్యి, చూడనీ."

గ్రేసమ్మ ఏడుస్తూనే గుడ్డ తొలగించి బిడ్డను పైకెత్తింది. ఎండకు కళ్ళు చిట్లించి బిడ్డ పెద్దగా ఆవులించింది.

"దావీదు నోరే," అంది రాహేలు. తనివితీరా చూసింది, కానీ తనివి ఎక్కడ తీరుతుంది? "ఏమే, ఎండలో ఎంతసేపు నిలబెడతావు దాన్ని? పో. బొంత కుట్టా. రెండు పక్కలా ఆరినాకే తీసుకో. తొందరపడమాక."

జ్వరం వచ్చి తగ్గిన వంటామె ధనమ్మ తోడుగా లోపలికి వెళ్ళింది. మర్నాడు పొద్దున్నే గూడుబండి కట్టించి ఆస్పత్రికి తీసుకుపోదామని పేతురు ఏర్పాటు చేశాడు. సాయంత్రం బెల్లం వేసిన జావ తనే తెచ్చి రాయి మీద పెట్టాడు. "తాగు రాహేలమ్మా. ఈ యేడు జ్వరం నీదే," అని నవ్వించబోయి తను ఏడ్చాడు. పాకలోంచి దగ్గు వినిపించింది. దగ్గు ఆగాక, "దొంగసచ్చినోడా," అని కూడా వినిపించింది.

బండి వచ్చేసరికి రాహేలు లేదు. తెల్లవారుజామున నిద్రలోనే పోయిందని ధనమ్మ తాడు లోపల నిలబడే చెప్పింది.

ఊళ్ళోంచి, చుట్టుపక్కల పల్లెల్లోంచి ఆమె చూసుకున్న పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు వచ్చారు. ఒకప్పుడు ఆమెను రాతిగుండెదని తిట్టినవాళ్ళు కూడా వచ్చారు. ఎవరూ తాడు దాటలేదు. రాయి దగ్గరే ఆగి ఏడ్చారు.

గ్రేసమ్మ బిడ్డను ఒళ్ళో పెట్టుకుని రాయి పక్కనే కూర్చుంది. పొద్దెక్కింది.

"ధనమ్మత్తా, బొంత ఆరిందా?"

ధనమ్మ బొంత అంచు కింద చెయ్యి పెట్టి చూసింది. "ఇటుపక్క ఇంకా చెమ్మగానే ఉందమ్మా."

"అయితే ఆరనీ," అంది గ్రేసమ్మ.

ధనమ్మ బొంతను రెండు చేతులతో ఎత్తి, తిరగేసి మళ్ళీ తాడు మీద వేసింది. ఎర్రదారం చేపలున్న వైపు ఎండలోకి వచ్చింది.