మేకు మీద లేని గుడ్డ

మా షెడ్డులో నాకు లేని మర్యాద ఒక మేకుకుంది. వెల్డింగ్ బల్ల పక్కన, గోడకు కొట్టిన మేకు. పలకలు తుడిచే థిన్నర్ గుడ్డ దానికి వేలాడుతూ కనబడ్డాకే పెట్టె మూత వెయ్యాలి. ఇది మా మామయ్య పెట్టిన చట్టం. కాపురానికి వచ్చిన కొత్తలో నేను రెండో గుడ్డ అడిగితే, "రెండుంటే ఏది ఎక్కడుందో ఎవడికి తెలుస్తుందమ్మాయ్?" అని కసిరారు.

మేము చేసేవి కత్తులు. రెండు రకాల స్టెయిన్‌లెస్ స్టీలు పలకల్ని మార్చి మార్చి పేర్చి, కాల్చి, నొక్కి, ఒకే ముద్ద చేస్తాం. దాన్ని సాగదీసి, కత్తి చేసి యాసిడ్‌లో ముంచితే నీటి అలల్లాంటి గీతలు తేలతాయి. చూసేవాళ్ళకు ముచ్చట, చేసేవాళ్ళకు ప్రాణసంకటం. ఈ ఉక్కుకు వేడిలో గాలి తగిలిందా, ఇక అతుక్కోదు. అందుకని పలకల్ని ఇనుప రేకు పెట్టెలో పెట్టి, చీమ దూరే సందు కూడా లేకుండా చుట్టూ వెల్డింగ్ చేస్తాం. లోపల తడి గుడ్డ ఉండిపోతే ఆ ఆవిరికి బయటికి దారి ఉండదు. అప్పుడది పెట్టె కాదు, బాంబు.

పలకలు రుద్ది తుడవడం నా పని. పేర్చి, మూసి, వెల్డింగ్ చేయడం మామయ్యది. కాల్చి ప్రెస్ కింద నొక్కడం మా ఆయనది.

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన వేళాకోళం. పాపం, నెల రోజులుగా ఎంత పెద్ద గింజ నానుతోందో అతనికి తెలియదు. మామయ్య మరిచిపోతున్నారు. మొదట కళ్ళజోడు. అది అందరికీ ఉన్నదే. తర్వాత ఒకరోజు పలకలు పేరుస్తూ ఆగిపోయి, "ఇప్పుడేం చెయ్యాలి?" అని నన్నడిగారు. నలభై ఏళ్ళుగా చేస్తున్న పని! చెప్పాను, చేశారు. పని అయ్యాక నా చెయ్యి పట్టుకుని, "వాడికి చెప్పకమ్మా. చెబితే నన్ను షెడ్డులోకి రానివ్వడు. ఇంట్లో కూర్చుంటే నేనేమైపోతాను?" అన్నారు. ఆ ముఖం చూసి మాటిచ్చేశాను. అప్పట్నుంచి ప్రతి పెట్టెకూ పక్కన నిలబడి నేనే మేకు చూస్తున్నాను.

నిన్న ఒక్క పెట్టెకు చూడలేదు. మా అక్క ఫోన్ చేసింది. అది ఒకపట్టాన వదిలే మనిషి కాదు. నేను తిరిగొచ్చేసరికి పెట్టె కొలిమిలో ఉంది. తర్వాతి పలకలు తుడుద్దామని చెయ్యి చాపితే, మేకు ఖాళీగా ఉంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"మామయ్యా, గుడ్డేదీ?"

"మేకుకుందిగా."

"లేదు."

"ఉంటుంది, సరిగ్గా చూడు," అన్నారు తలెత్తకుండా.

బల్ల మీద లేదు, బల్ల కింద లేదు. ఆయన తోలు ఏప్రన్ జేబుల్లో చెయ్యి పెట్టేశాను. కోడలు మామగారి జేబులు వెతకడమేమిటన్న ఆలోచన కూడా రాలేదు. సుద్దముక్క, మొన్నంతా వెతుక్కున్న కళ్ళజోడు, అంతే.

అవతల మా ఆయన చెవులకు మూతలు పెట్టుకుని, పట్టకారుతో కొలిమి దగ్గరికి వెళ్తున్నాడు. ఆ పెట్టె ప్రెస్ కిందికి చేరితే, మొదటి నొక్కుకే పేలుతుంది. అదీ అతని ముఖం ముందు. కేక పెట్టాను. వినబడలేదు. పరుగెత్తి కొలిమి సిలిండర్ దగ్గర గ్యాస్ కట్టేశాను.

మంట ఆరగానే అతను గిర్రున తిరిగి చెవిమూతలు లాగేశాడు. "మతి పోయిందా నీకు? తీసే వేళకి మంట ఆపేస్తావా?"

"గుడ్డ లోపల ఉండిపోయిందండీ."

"నాన్న మూసిన పెట్టెలోనా? ఇన్నేళ్ళలో ఒక్కసారైనా జరిగిందా?"

మామయ్య నన్నే చూస్తున్నారు. చెప్పొద్దన్నట్టు తల కొద్దిగా ఊపారు. ఆ ఒక్క క్షణం నోరు మూసుకుందామనే అనుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

"మామయ్యకు గుర్తుండటం లేదు. నెల రోజులైంది. నేనే దాచాను."

మా ఆయన వంగి, కొలిమి తలుపు సందులోంచి చూశాడు. ఎర్రగా కాలిన పెట్టె పక్కలు దిండులా ఉబ్బి ఉన్నాయి.

"బయటికి! అందరూ బయటికి!"

గుమ్మం దాటాక మామయ్య ఆగిపోయారు. "నేను పెట్టానురా. మేకుకే పెట్టాను. ఉండు, చూపిస్తా," అంటూ వెనక్కి తిరిగారు. ఏప్రన్ పట్టీ దొరకబుచ్చుకున్నాను. సమ్మెట కొట్టిన ఒళ్ళు, నన్ను కూడా లోపలికి ఈడ్చుకుపోయారు. మా ఆయన వచ్చి నడుం పట్టి వెనక్కి లాగాడు. ముగ్గురం గోడ వెనక కుప్పగా పడ్డాం.

అప్పుడు పేలింది.

చాలాసేపు చెవులు పనిచేయలేదు. లోపలికి వెళ్ళి చూస్తే కొలిమి తలుపు ఊడి, ప్రెస్ ముందు, సరిగ్గా మా ఆయన నిలబడే చోట పడి ఉంది. చీలిన పెట్టె మూలలో నల్లగా బొగ్గైపోయిన గుడ్డ. చల్లారాక మామయ్య దాన్ని తీశారు. వేళ్ళ మధ్య పొడైపోయింది. రాత్రి ఎవరం సరిగా తినలేదు. "రేపట్నుంచి నాన్న షెడ్డుకు రాకూడదు," అన్నాడు మా ఆయన, నాతో మాత్రమే. తండ్రికి చెప్పే ధైర్యం అతనికీ లేదు.

పొద్దున అతను కొత్త తలుపు చేయించడానికి వెళ్ళాడు. నేను షెడ్డు ఊడుస్తుంటే మామయ్య వచ్చారు. నున్నగా గడ్డం గీసుకుని, ఏప్రన్ కట్టుకుని.

"అరె, ఈ తలుపేమైంది?"

చీపురు నా చేతిలోనే ఆగిపోయింది. ఆయన చీలిన పెట్టె దగ్గరికి వెళ్ళారు. అందులోకి చూశారు. తర్వాత మేకు వైపు చూశారు. నన్ను చూసినప్పుడు ఆయన ముఖంలో కోపం లేదు, జాలి.

"గుడ్డ లోపల వదిలేశావా అమ్మాయ్?"

"పొరపాటైంది మామయ్యా."

"ఎవరికీ ఏం కాలేదుగా? సరే, ఏడవకు." గొంతు తగ్గించి, గుమ్మం వైపు ఒకసారి చూశారు. "వాడికి నేను చెప్పన్లే. చెబితే నిన్ను షెడ్డులోకి రానివ్వడు."

గోడకున్న వెల్డింగ్ మాస్కు తీసి తలకు తగిలించుకున్నారు. "రా, పెట్టె ఎలా మూయాలో మళ్ళీ చూపిస్తాను," అని నా భుజం మీదున్న కొత్త గుడ్డ కోసం చెయ్యి చాపారు. గుడ్డ ఇచ్చాను. రెండో కొస మాత్రం వదల్లేదు.