లక్ష్మీపతి ఎడమ ఊపిరితిత్తి

లక్ష్మీపతికి దగ్గు మొదలైన నవంబరులో ఢిల్లీలోని జనక్‌పురి మొత్తం దగ్గుతూనే ఉంది. అందుకే ఆ దగ్గును ఎవరూ పట్టించుకోలేదు, ఆయన అసలే పట్టించుకోలేదు. గురుగ్రామ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో డైరెక్టరు ఆయన. ముందు స్లైడు తయారుచేసి, తర్వాత కారణం వెతుక్కోవడం అలవాటు. కారణం ఢిల్లీ గాలి అని తేల్చేసి, హాల్లో ఒకటి, పడగ్గదిలో ఒకటి గాలిని శుభ్రం చేసే యంత్రాలు పెట్టించాడు. రోజూ పొద్దున్నే కాలనీ వాట్సాప్ గ్రూపులో ఆ పూట గాలి ఎంత చెడిందో అంకె పెట్టి, పక్కన ఏడుపు ముఖం తగిలించేవాడు.

డిసెంబరుకల్లా గట్టిగా ఊపిరి పీలిస్తే ఎడమ పక్క పొడిచినట్టుండేది. మెట్రో మెట్లెక్కితే ఆయాసం. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. ప్యాంటు నడుము దగ్గర వదులైంది కూడా. దాన్ని మాత్రం చిరుధాన్యాల మహిమగా ఆఫీసులో చెప్పుకున్నాడు.

"నెమ్ము చేసినట్టుందండీ, డాక్టరుకి చూపిద్దాం," అంది భార్య ఉమ.

"నెమ్మేంటి ఉమా, ఇది పొల్యూషన్."

"పాపా, ఏక్ బార్ దిఖా లో నా," అంటూ ఒకసారి చూపించుకోమంది కూతురు ప్రీతి, ఫోనులోంచి తలెత్తకుండానే.

ఒక సోమవారం మీటింగులో వాక్యం మధ్యలో ఊపిరందక ఆగిపోయాడు. సార్ లోతుగా ఆలోచిస్తున్నారనుకుని టీము గౌరవంగా ఎదురుచూసింది. ఆయనకు మాత్రం భయం వేసింది. ఆ మధ్యాహ్నమే ఆస్పత్రికి వెళ్ళాడు.

డాక్టర్ ఇషిత ఆయన వీపు మీద వేళ్ళతో తట్టి చూసింది. కుడివైపు డోలులా మోగింది. ఎడమవైపు కింద, గోడను కొట్టినట్టు మొద్దుగా పలికింది. ఎక్స్‌రేలో ఆ పక్క సగం తెల్లగా ఉంది.

"ఊపిరితిత్తి చుట్టూ నీళ్ళు చేరాయి," అందామె హిందీలో.

"అయితే నీళ్ళు తగ్గిస్తాను మేడమ్. యాప్ గుర్తుచేస్తోందని రోజుకి నాలుగు లీటర్లు తాగుతున్నాను."

"తాగే నీళ్ళు అక్కడికి పోవు. ఊపిరితిత్తి మీద ఒక పొర, పక్కటెముకల లోపల ఒక పొర ఉంటాయి. రెండింటి మధ్య ఎప్పుడూ కొంచెం తడి ఉంటుంది. గుండె బలహీనపడినా, కిడ్నీలు గానీ లివరు గానీ పాడైనా, న్యుమోనియా, టీబీ, క్యాన్సర్ వచ్చినా ఆ తడి పెరగొచ్చు. నీళ్ళు తీసి పరీక్షిస్తే గానీ కారణం ఏదో చెప్పలేను."

"పొల్యూషన్ అని రాయడానికి కుదరదా?"

"కుదరదు."

ఆయన్ని బల్ల మీదికి వంగి కూర్చోమన్నారు. స్కాన్‌లో చోటు చూసి, మత్తిచ్చి, పక్కటెముకల మధ్య సూది దించారు. ఎండుగడ్డి రంగు నీళ్ళు లీటరు దాకా వచ్చాయి. నెల తర్వాత మొదటిసారి నిండుగా ఊపిరి పీల్చి, లక్ష్మీపతి కళ్ళు తుడుచుకున్నాడు.

నాలుగో రోజు రిపోర్టులు చూసి, టీబీ అని చెప్పింది డాక్టరు.

"మాకా? మా కాలనీ గేటు దగ్గర సెక్యూరిటీ ఉంటాడు మేడమ్."

"ఆ క్రిమి గేటు దగ్గర పేరు రాసి రాదు. ఆరు నెలలు మందులు వాడాలి, ఒక్క రోజు కూడా మానకూడదు. ప్రభుత్వ కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. ఇంట్లో వాళ్ళకీ పరీక్షలు చేయించండి."

ఉమకీ ప్రీతికీ ఏమీ లేదని తేలింది. ఆఫీసులో మాత్రం 'లంగ్స్‌కి చిన్న ప్రొసీజర్' అన్నాడు. కాలనీలో అదీ చెప్పలేదు. దాంతో, ఆయన ఆస్పత్రికి వెళ్ళొచ్చాడని విన్న కాలనీ, కారణం గాలేనని తానే తేల్చేసుకుంది. ఫిబ్రవరిలో కాలుష్యం మీద సభ పెట్టి, ముఖ్య బాధితుడిగా ఆయన్ని పిలిచింది. ఆయనా పదహారు స్లైడ్లు తయారుచేశాడు.

వేదిక మీద సెక్రటరీ సుధీర్ శాలువా కప్పి, "ఈ నగరపు గాలి బలిగొనబోయిన మనిషి," అని పరిచయం చేశాడు. మైకు ముందు నిలబడిన లక్ష్మీపతికి శాలువా కింద చెమట పట్టింది. ఉమ వైపు చూశాడు. ఆమె తల దించుకుని ఉంది.

"గాలి చెడ్డదే," అన్నాడాయన హిందీలో. "కానీ నాకొచ్చింది టీబీ. రెండు నెలల నుంచీ మందులు వాడుతున్నాను, నా వల్ల మీకెవరికీ అంటదని డాక్టరు చెప్పింది. గాలి మీద నెపం వేసి నెల రోజులు వృథా చేశాను. మీరు అలా చేయకండి."

ముందు వరస కుర్చీలు ఒక అడుగు వెనక్కి జరిగాయి. సుధీర్ జేబులోంచి మాస్కు తీసి ముఖానికి పెట్టుకుని, తర్వాతి వక్తను పిలిచాడు. స్లైడ్ల సంగతి ఎవరూ అడగలేదు.

టీల దగ్గర ఆయన చుట్టూ చాలా ఖాళీ ఏర్పడింది. ఆ ఖాళీలోకి నాగేంద్రమ్మగారు మెల్లగా నడుచుకుంటూ వచ్చింది. అదే కాలనీలో కొడుకు దగ్గర ఉండే రాజమండ్రి పెద్దావిడ ఆమె.

"బాబూ, ఆ డాక్టరమ్మ ఎన్నింటికి వస్తుంది? నెల నుంచీ దగ్గు. మావాడేమో పొల్యూషన్ అంటాడు."

"పదింటికి వస్తుందండి. రేపు నేనే తీసుకెళ్తాను."

"మావాడికి చెప్పకు. గుడికని బయల్దేరతాను."