వెలగని చుక్కలు

నారిన్ కొండల్లో ఎసెన్‌బెక్ డాక్టరు చేత శుక్లాలు తీయించుకోని ముసలివాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అందులో ఆయన భార్య బురుల్ ఒకరు. రెండు కళ్లకూ పొర కమ్మినా, మొగుడి చేయి తప్ప ఇంకొకరి చేయి తన కంటిమీద పడకూడదని ఆవిడ మంకుపట్టు. కుట్లు వేసే పాత పద్ధతిలో ఆవిడ కన్ను కోయడానికి ఈయనకు మనసొప్పలేదు. ఇవాళ, రేపు అంటూ ఏళ్లు దాటించాడు. చివరికి కొత్త వైద్యం నేర్చుకుందామని, జుట్టు నెరిసిన వయసులో రాజధాని బిష్కెక్ వచ్చి కుర్ర డాక్టర్ల పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. చేయి తిరగ్గానే బురుల్ కన్ను తానే చేయాలి. వచ్చిందే అందుకు.

పాఠాలు చెప్పేది బెగిమాయ్. ఒకప్పుడు ఆయన దగ్గరే పని నేర్చుకున్న పిల్ల. ఆఖరి రోజు, వచ్చిన డాక్టర్లు ఒకరి కళ్లు ఒకరు కొత్త మిషన్ల మీద పరీక్షించుకోవాలి.

"రండి మాస్టారూ, పెళ్లికొడుకులా అలా కూర్చుంటే ఎలా? ఇవాళ మీరే రోగి."

"నన్ను కూర్చోబెడితే నీ మిషన్‌కే దిష్టి తగులుద్ది పిల్లా."

ఒక కన్ను మూయించుకుని, మిషన్‌కు గడ్డం ఆనించి, బొత్తం చేత పట్టుకున్నాడు. లోపల చుక్క వెలిగినప్పుడల్లా నొక్కాలి. పైన వెలిగింది, నొక్కాడు. మళ్లీ వెలిగింది, నొక్కాడు. తర్వాత మిషన్ టిక్కు టిక్కుమంటోంది గానీ చుక్క మాత్రం లేదు.

"మీ మిషన్ పాడైనట్టుందమ్మా."

అందరూ గొల్లున నవ్వారు. అనేశాక గానీ ఆయనకు తట్టలేదు. కంటి నరాన్ని తినేసే నీటికాసులు ముదిరి సగం చూపు పోయిన రోగులంతా అనే మాట అది. ఇన్నేళ్లుగా ఆ మాట విని లోలోపల నవ్వుకున్నవాడే ఆయన.

బెగిమాయ్ మిగతావాళ్లను టీకి పంపేసి రెండో కన్ను కూడా చూసింది. మిషన్ గీసిన కాగితం ఆయన చేతికిచ్చింది. రెండు కళ్ల బొమ్మల్లోనూ చూపు పోయిన కింది సగం నల్లగా ఉంది.

"చుక్కల మందుతో ఉన్న చూపు నిలబెట్టొచ్చు మాస్టారూ."

"పోయింది మాత్రం రాదు. నీకా పాఠం చెప్పింది నేనే."

"ఇక మీదట కత్తి..."

"పట్టనులే. నువ్వు చెప్పక్కర్లేదు."

అనడమైతే అన్నాడు గానీ, దుఃఖం ఆగలేదు. చేతులు ఇంకా వణకడం లేదు. అదే ఆయనకు మరీ బాధనిపించింది.

కళ్లు తుడుచుకున్నాడు. "బురుల్ కన్ను నువ్వు చెయ్యి" అని, ఇంటికి ఫోను కలిపి స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టాడు.

"బురుల్, మన బెగిమాయ్ చేయి నాకంటే బాగా తిరిగింది. నువ్విక్కడికి వచ్చెయ్యి."

"ఏం ముసలాయనా, చదివి చదివి మతి పోయిందా? ఎవరో ఒకరు చేస్తే చాలనుకుంటే ఇన్నాళ్లు గోడలు తడుముకుంటూ ఎందుకుంటాను? చేస్తే నువ్వు చెయ్యి. లేదంటే ఇలాగే పోతాను."

"నాకే కనబడటం లేదు బురుల్."



"ఎప్పట్నించి?"

"తెలీదు. తెలీకుండానే పోతుందది."

"నాకు తెలిసిందయ్యా." అంది బురుల్. "నువ్వు పోస్తుంటే టీ గిన్నెలో కాక పక్కన పడేది. నా కళ్లకే అలా కనిపిస్తోందేమోనని, గిన్నె నీ చేతి కిందికి జరిపి ఊరుకునేదాన్ని. ఒక్క మాట నీతో అనుంటే, అప్పుడే మందు వేసుకునేవాడివి కదా? చూపు దక్కేది కదా?"

"లేదులే" అన్నాడు ఎసెన్‌బెక్. "దీనికి మందు లేదు. చెప్పినా ఇంతే అయ్యేది."

ఆ జబ్బుకి వచ్చిన కొత్త మందుల గురించి కూడా ఆ వారమే పాఠం చెప్పిన బెగిమాయ్ నోటికి చేయి అడ్డం పెట్టుకుని, "అవును పిన్నీ, లేదు" అంది.