మనం, వాళ్ళు, ఏడో ప్రెస్సు

పొద్దున్న ఏడున్నరకి కట్లమ్మ ప్రథమ చికిత్స గది తాళం తీస్తుంది. స్టవ్వు మీద కత్తెరలు ఉడకేసి, అవి ఉడికేలోగా తెల్లగుడ్డ చింపి నాలుగు వేళ్ళ వెడల్పున పట్టీలు చుడుతుంది. ఆ ఫ్రిజ్‌ల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళుగా తెగిన ప్రతిచోటా కట్టు కట్టింది ఆవిడే కాబట్టి ఆ పిలుపు స్థిరపడిపోయింది. పట్టీలయ్యాక ఒక ఎనామిల్ గిన్నె పట్టుకుని షెడ్డులోకి వెళ్ళి, ఏడో ప్రెస్సు అడుగున ఉన్న తుక్కు ట్రే బయటికి లాగి, అవతలి దేశం నుంచి వేళ్ళేమైనా వచ్చాయేమో చూస్తుంది.

ఏడో ప్రెస్సుకి ఒక కవల ఉంది. ఎక్కడో మూడో దేశంలో ఒకే కొలిమిలో, ఒకే పోతలో పోసిన యంత్రాలవి. ఒకటి మనకొచ్చింది, ఇంకోటి వాళ్ళకెళ్ళింది. రెండు ఫ్యాక్టరీలకీ యజమాని ఒక్కడే. అక్కడ తెగింది ఇక్కడి ట్రేలో పడుతుంది, ఇక్కడ తెగింది అక్కడ. రేకు తుక్కు కూడా అంతే గానీ, తుక్కు ఎవరిదైనా తుక్కే కాబట్టి దాన్నెవరూ పట్టించుకోలేదు. ఒకసారి అక్కడ రేకుని నొక్కే రెండు దిమ్మల మధ్య పానా ఇరుక్కుంటే ఇక్కడి పై దిమ్మ కూడా గాల్లోనే ఆగిపోయింది. వాళ్ళు పానా తీసే అరగంటా ఇక్కడందరూ వెళ్ళి టీ తాగొచ్చారు.

వేళ్ళని మొదట్లో మంచుపెట్టెలో పెట్టి తిప్పి పంపేవారు. చేరేసరికి ఎందుకూ పనికొచ్చేవి కావు. అందుకని ఎవరికొచ్చినవి వాళ్ళు పాతిపెట్టుకోవడం అలవాటైంది. ఇక్కడ బాయిలర్ గది వెనకాల, జానెడు లోతున, కట్లమ్మే పాతేది. అటుపక్క కూడా ఇలాంటి మనిషి ఒకరుంటారని, మనవాటిని కుక్కల పాలు చెయ్యకుండా చూస్తారని ఆమె గట్టి నమ్మకం.

ప్రతి నెలా మొదటి తారీఖున మేనేజరు అందరినీ బోర్డు కింద నిలబెట్టి గీతలు చూపించేవాడు. ఎర్రగీత వాళ్ళది, నీలంగీత మనది. నలభై ఏళ్ళ కిందట రెండూ ఒకేచోట మొదలయ్యాయి.

"చూడండి. అప్పుడు వాళ్ళకీ తిండి లేదు, మనకీ లేదు. వాళ్ళకీ జనం ఎక్కువే, మనకీ ఎక్కువే. ఇప్పుడు వాళ్ళెక్కడున్నారు, మనమెక్కడున్నాం? వాళ్ళు పనిచేస్తారు, మీరు కబుర్లు చెప్తారు. అంతే తేడా."

ఎర్రగీత గోడెక్కి పోతుండేది. నీలంగీత మోకాళ్ళ నొప్పులున్న ముసలాయన మేడెక్కినట్టు మెట్టుమెట్టుకీ ఆగుతూ పోయేది. బోర్డు మీద రెండు గడులుండేవి. ఒకదాని మీద 'వాళ్ళు', ఇంకోదాని మీద 'మనం'. ఏడో ప్రెస్సు కింద ఫ్రిజ్ తలుపు రేకు ఒకటి పూర్తయినప్పుడల్లా అంకె మారేది, రోజూ పొద్దున్న మళ్ళీ సున్నా నుంచి మొదలయ్యేది. ఈ ఏడాది చివరికి ఏ ఫ్యాక్టరీ వెనకబడితే దాన్ని మూసేస్తానని యజమాని కబురు పెట్టాడు.

కట్లమ్మకి ఆ గీతలతో పనిలేదు. రెండు దేశాల సంగతీ ఆమెకి వేళ్ళ మీద తెలుసు. తను చేరిన కొత్తల్లో అటునుంచి వచ్చేవన్నీ సన్నటి వేళ్ళు, గోళ్ళలో పొలం మట్టి ఇంకా పోనివి. కొన్ని మరీ చిన్నవి. వాటిని పాతిపెట్టిన రోజుల్లో ఆమె అన్నం తినలేదు. కొన్నేళ్ళకి కాస్త కండ పట్టిన వేళ్ళొచ్చాయి. ఆ తర్వాత గోళ్ళ రంగు వేసుకున్నవి, ఉంగరం అచ్చు పడినవి, మంచి తొడుగుతో సహా వచ్చినవి. మూడేళ్ళ కిందట రావడం పూర్తిగా ఆగిపోయింది. మనవి మాత్రం నెలకి రెండు తప్పకుండా వెళుతూనే ఉన్నాయి.

ఒకసారి ఆ మాట మేనేజరుతోనే అంది. "సార్, వాళ్ళ వేళ్ళు రావడం మానేసి మూడేళ్ళయింది. ఆ గీత కూడా ఒకటి గీయించకూడదూ?"

"అంటే ఎగుమతుల్లో మనమే ముందున్నామన్నమాట" అన్నాడు మేనేజరు. అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళలో ఏడో ప్రెస్సు నడిపే గడ్డమాయన కూడా ఉన్నాడు.

ప్రెస్సుకి రెండు బటన్లు. రెండు చేతులతో రెండూ నొక్కితేనే దిమ్మ దిగాలి, చేతులు బయటే ఉండాలని అలా పెట్టారు. దానివల్ల రేకుకి ఒక్క సెకను ఎక్కువ పడుతుందని షెడ్డు ఫోర్‌మన్ కుడిచేతి బటన్ని నొక్కిపెట్టి నల్లటేపు చుట్టించాడు. అతని మెడలో ఎప్పుడూ ఈల వేలాడేది కాబట్టి వెనకాల అందరూ ఈలాయన అనేవారు. టేపు చుట్టాక ఒక చేత్తో బటను నొక్కుతూ, ఇంకో చేత్తో రేకు సర్దుతూ పోవచ్చు. చెయ్యి సమయానికి బయటికొస్తే రేకు. రాకపోతే వేలు.

మంగళవారం గడ్డమాయన చెయ్యి రాలేదు. నాలుగు వేళ్ళు ఒక్క దెబ్బకి పోయాయి. ఆయన బొటనవేలొక్కటే మిగిలిన చేతిని ఎవరిదో అన్నట్టు చూస్తూ నిలబడ్డాడు. రక్తం ఎదుటి గోడదాకా చిమ్మింది. కట్లమ్మ మణికట్టు మీద పట్టీ బిగించి, పంటితో ముడేసి, వెనక్కి తిరిగేసరికి ఈలాయన గొట్టంతో ప్రెస్సు కడిగిస్తున్నాడు. నీళ్ళింకా ఎర్రగా పారుతుండగానే ఇంకో మనిషిని తెచ్చి అక్కడ నిలబెట్టాడు. ఆ మనిషి కట్లమ్మ చెల్లెలు.

చెల్లెల్ని ఫ్యాక్టరీలో చేర్పించింది కట్లమ్మే. ప్యాకింగులో పని, ఏ గొడవా ఉండదని చెప్పి మరీ తెచ్చింది. ఇంటి దగ్గర బట్టలు కుట్టుకునే చేతులవి. చీకట్లోనైనా సూదిలో దారం ఎక్కించేది. ఆ కుడిచెయ్యి ఇప్పుడు నిమిషానికి తొమ్మిదిసార్లు దిమ్మ కిందికి వెళ్ళొస్తోంది.

గురువారం చెల్లెలు పై పెదవి చిట్లి, గడ్డమంతా నెత్తురుతో ప్రథమ చికిత్స గదికొచ్చింది.

"ఏమైందే?"

"టేపు పీకేశాను. ఈలాయన ఆ ఈల చేత్తో పట్టుకుని మూతి మీద కొట్టాడు."

కట్లమ్మ దూది అద్దింది. "ఇంటికి పోదాం పద. ఈ పనీ వద్దు, పాడూ వద్దు."

"నువ్వే తీసుకొచ్చి, నువ్వే పొమ్మంటావేంటక్కా? నేను పోతే ఆ చోట ఇంకోదాన్ని నిలబెడతాడు. దానికి అక్క లేదనుకున్నావా?" పెదవి నొప్పికి మాట సగం మింగింది. "అయినా నాకు మాత్రం భయం లేదనుకోకు. రాత్రి అన్నం కలుపుతుంటే నా వేళ్ళు నేనే లెక్కపెట్టుకున్నాను."

కట్లమ్మకి ఏడుపొచ్చింది. ఏడిస్తే చెల్లెలు కూడా ఏడుస్తుందని గట్టిగా ముక్కు చీదేసుకుంది.

ఆ మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు ఆమె ఒక తెల్ల పట్టీ తీసుకుని, దానిమీద బొగ్గుతో రెండు బటన్లు గీసింది. ప్రెస్సు మీద మళ్ళీ చుట్టిన నల్లటేపు పీకి, గీసిన బటన్లలో ఒకదాని మీద అడ్డంగా అంటించింది. పక్కన గడ్డమాయన కట్టు నుంచి తీసిన నెత్తుటి గుడ్డ ముక్క పెట్టి కుట్టింది. అంతా కలిపి దిమ్మ కింద పెట్టి రెండు బటన్లూ నొక్కింది. దిమ్మ పడి లేచేసరికి టేపున్న సగం లేదు.

సాయంత్రానికి ఈలాయన కొత్తటేపు చుట్టించాడు. శుక్రవారం ఆమె ఇంకోటి పంపింది. శనివారం ఇంకోటి. ట్రేలోకి తుక్కు తప్ప బదులేమీ రాలేదు. మన వేళ్ళు చూసి చూసి వాళ్ళకి మొహం మొత్తిందేమో, ఎదిగినవాళ్ళు ఎదగనివాళ్ళ ఉత్తరాలు చదువుతారా అని కట్లమ్మ తనలో తనే తిట్టుకుంది.

సోమవారం ఏడాదికి చివరి పనిదినం. మధ్యాహ్నానికి వాళ్ళది పదమూడు వందలు, మనది పన్నెండు వందల యాభై. ఇన్నేళ్ళలో ఇంత దగ్గరికెప్పుడూ రాలేదు. మేనేజరు మెట్ల మీద నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. ఈలాయన వేగం మీట ఇంకో గీత పైకి తోశాడు.

"సార్, రేకు వంకర పడుతోంది, సర్దుకోడానికి టైమ్ చాలట్లేదు" అంది చెల్లెలు.

"సర్దు. చెయ్యెందుకుంది?" అని ఆమె వీపు మీద మోచేత్తో పొడిచాడు.

నాలుగింటికి వాళ్ళ అంకె కదలడం ఆగిపోయింది. ఎందుకో ఎవరూ ఆలోచించలేదు. మనది ఎక్కుతోంది కదా అని అందరూ బోర్డుకేసి చూస్తున్నారు. కట్లమ్మ ఒక్కతే చెల్లెల్ని చూస్తోంది. రేకు అడ్డంగా తిరగడం చూసింది. కుడిచెయ్యి దాన్ని సర్దడానికి లోపలికి వెళ్ళడం చూసింది. చెల్లెలు తూలింది, ఎడమచెయ్యి బటను మీద పడింది. పై దిమ్మ దిగింది.

ధడేల్మని చప్పుడు. షెడ్డు నేల అదిరింది.

గిన్నే పట్టీలూ పట్టుకుని కట్లమ్మ పరుగెత్తింది. చెల్లెలు కళ్ళు మూసుకుని, రెండు దిమ్మల మధ్య మణికట్టుదాకా చెయ్యి ఉంచి కదలకుండా నిలబడి ఉంది. దిమ్మల సందులోంచి ఎర్రగా కారుతోంది.

"ప్రెస్సెందుకాగింది? పైకెత్తండి, నడపండి!" ఈలాయన వచ్చి చెల్లెలి జుట్టు పట్టుకుని పక్కకి గుంజాడు. చెయ్యి రాలేదు. ఇంకా గట్టిగా గుంజాడు.

అప్పుడు గడ్డమాయన వచ్చాడు. నాలుగు వేళ్ళు పోయాక ఆయన్ని ఊడ్చే పనికి మార్చారు. ఎడమచేత్తో చీపురు కర్ర తిప్పి ఈలాయన చెవి మీద కొట్టాడు. కర్ర విరిగింది. విరిగిన ముక్కతో మళ్ళీ కొట్టాడు. ఆ తర్వాత ఎవరు కొట్టారో, ఎవరు తన్నారో చెప్పడం కష్టం. ఇన్నేళ్ళలో ఏడో ప్రెస్సు మీద వేలు పోగొట్టుకున్నవాళ్ళందరూ అక్కడున్నారు, మిగిలిన వేళ్ళతో పిడికిళ్ళు బిగించారు. ఈల పళ్ళతో సహా నోట్లోకి పోయింది. మేనేజరు గదిలోకి దూరి గడియ పెట్టుకున్నాడు.

కట్లమ్మ ఆ గొడవకేసి తల తిప్పలేదు. యంత్రపు నూనె తెచ్చి చెల్లెలి మణికట్టు చుట్టూ పోసి, మెల్లగా, బిగిసిన గాజు తీసినట్టు అటూ ఇటూ తిప్పుతూ చెయ్యి బయటికి లాగింది. వచ్చింది. మొత్తం వచ్చింది. వెనకవైపంతా ఎర్రగా ఉంది. స్పిరిట్‌లో దూది ముంచి తుడిచింది. గాయం ఎక్కడుందో కనపడలేదు. మళ్ళీ తుడిచింది. ఒక్కొక్క వేలూ విడదీసి తుడిచింది. చర్మం చెక్కుచెదరలేదు. దూది వాసన చూసింది.

"ఇది రంగే" అంది.

చెల్లెలు కళ్ళు తెరిచి తన ఐదు వేళ్ళూ ముడిచి, విప్పి, అక్క భుజం మీద పడి భోరుమంది. ఈసారి కట్లమ్మ కూడా ఆపుకోలేదు.

తర్వాత ఈలాయనకి కట్లు కట్టింది. దవడ విరిగింది, కనుబొమ చీలింది. పట్టీలు చాలక, అతని జేబులో ఉన్న నల్లటేపే తీసి చుట్టింది. అతనేదో అనబోయాడు గానీ అనడానికి నోరు లేదు.

పై దిమ్మ కిందకీ రాలేదు, పైకీ పోలేదు. మర్నాడు షిఫ్టు మొదలై గంటైనా బోర్డు మీద 'వాళ్ళు' సున్నా, 'మనం' సున్నా. రెండు దేశాలూ అలా సమానంగా ఉండిపోవడం మేనేజరు తన ఉద్యోగంలో ఎప్పుడూ చూడలేదు. గంటసేపు ఫోను పట్టుకుని ఎవరెవరితోనో అరిచి, చివరికి మెట్లు దిగి వచ్చాడు.

"అక్కడి ప్రెస్సులో ఎవరో అప్పుడే ఎర్రరంగు పూసిన ఇనుప మొద్దు అడ్డం పెట్టారట. దాని చుట్టూ షిఫ్టు షిఫ్టంతా కూర్చున్నారట" అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా. "మన టేపు తీస్తేనే వాళ్ళు మొద్దు తీస్తారట. రెండూ ఆగిపోయాక మూసే మాట యజమాని ఎత్తట్లేదు."

ఎవరూ కదల్లేదు. చెల్లెలు చేతులు కట్టుకుని నిలబడింది. కాసేపు చూసి మేనేజరే వంగి, కుడిచేతి బటన్ మీది నల్లటేపుని తన గోళ్ళతో గీకి గీకి పీకాడు. వేగం మీట కూడా తనే కిందికి దించాడు. పావుగంటకి దిమ్మ మూలిగినట్టు చప్పుడు చేసి పైకి లేచింది. చెల్లెలు వెళ్ళి రెండు చేతులతో రెండు బటన్లూ నొక్కింది. బోర్డు మీద ఒకటి పడింది. అవతలి గడిలోనూ ఒకటి పడింది.

కట్లమ్మ ట్రే లాగింది. తుక్కు మధ్య వేలంత ఇనుప పెచ్చు ఒకటుంది. ఒకవైపు ఎర్రరంగు. ఇంకోవైపు ఆమె పంపిన పట్టీ ముక్క, బొగ్గు బటనూ, దానిమీద నల్లటేపూ అలాగే అంటించి ఉన్నాయి.

అలవాటు కొద్దీ దాన్ని గిన్నెలో వేసుకుని బాయిలర్ గది వెనక్కి వెళ్ళింది. పలుగుతో జానెడు గొయ్యి తవ్వి, గిన్నె వంచబోయి ఆగింది. ఇన్నేళ్ళలో అటునుంచి వచ్చినవాటిలో పాతిపెట్టక్కర్లేనిది ఇదొక్కటే. ఖాళీ గొయ్యిని కాలితో పూడ్చి, పెచ్చుని కొంగున ముడేసుకుని, కత్తెరలు ఉడికిపోయి ఉంటాయని గదివైపు నడిచింది.