రోజుకో నొప్పి

మా కుట్టు దుకాణంలో తమ్ముడు నెలరోజులుగా రోజుకో నొప్పి చెప్పేవాడు. ఒకనాడు కడుపు, ఒకనాడు కీళ్లు, ఇంకొకనాడు కాళ్ల మీద ఎర్రటి గడ్డలు. ఆ రోజు కుడిపాదం లేవడం లేదని మిషను తొక్కడం మానేసి, చేత్తో కాజాలు కుడుతూ కూర్చున్నాడు.

"నొప్పులకి వంతులేశావట్రా?" అన్నాను.

పూజ ముగించి వచ్చిన చేత్తోనే, వాడు చూడకుండా ఆ పాదం మీద సూది గుచ్చాను. అరిస్తే నాటకం బయటపడుతుందనుకున్నాను.

వాడు తల ఎత్తకుండా, "అన్నయ్యా, దీనికి ఏ రంగు బొత్తాలు?" అన్నాడు.

వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాను. "ఒంట్లో రక్తనాళాలు వాచాయి. ఈ నొప్పులన్నిటికీ మూలం అదే. పాదం నరానికి రక్తం అందక అది చచ్చుబడింది. ఇన్నాళ్లు ఏం చేశారు? ఈ పాదం మళ్లీ లేస్తుందని చెప్పలేను" అన్నాడు డాక్టరు, పరీక్షలన్నీ చూశాక.

"మా అన్నయ్య కనిపెట్టబట్టి ఇప్పుడైనా వచ్చాం సార్" అన్నాడు తమ్ముడు.

దేవుడా, వాడి చేత ఆ మాట ఎందుకు అనిపించావు?